అనుమానితుడు, నిందితుడు, దోషి

తప్పిపోయిన బిడ్డ కోసం ఒక తల్లి పెట్టిన కేక వీధిలోని ప్రతి గడపను తాకుతుంది. అంతవరకు మాటా మంతీ లేని ఇరుగుపొరుగువారు సైతం ఆ క్షణాన ఒక్కటవుతారు. కులమతాలు గుర్తుకు రావు. బావులు, గోతులు, బస్సు స్టాండ్లు, సినిమాహాళ్లు అన్నీ గాలిస్తారు. మానవ హృదయంలోని మంచితనానికి ఇంతకన్న గొప్ప నిదర్శనం వేరొకటి అక్కరలేదు. కాని అదే ఘడియలో, అదే జనసమూహంలో, మరొక ప్రశ్న తల ఎత్తుతుంది: ‘ఎత్తుకుపోయినవాడెవడు?’ ఈ ప్రశ్న సహజమైనదే. దానికి జవాబు చెప్పే అధికారాన్ని ఎవరికి వారు చేతిలోకి తీసుకొనడమే ప్రమాదకరం. ఈ విషయమై మా అభిప్రాయాన్ని సహవిద్యార్థుల ముందును, కళాశాల పాలకసంఘంవారి ముందును వినయపూర్వకంగా ఉంచదలచినాము.

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కన నడుస్తున్నవి. తెలుగులో అనుమానితుడు, నిందితుడు, దోషి అని మూడు మాటలున్నవి. ఉర్దూలో ముష్తబా, ముల్జిమ్, ముజ్రిమ్ అని మూడు మాటలున్నవి. ఏ భాషలో చూచినా ఇవి మూడు వేర్వేరు మెట్లు. మొదటి మెట్టుపై ఉన్నవానిని దర్యాప్తు అధికారి ప్రశ్నించవచ్చును. రెండవ మెట్టుపై ఉన్నవానిపై ఆరోపణ మోపబడును. మూడవ మెట్టునకు చేర్చగలిగినది న్యాయస్థానం ఒక్కటే. ఇంత స్పష్టంగా మన పెద్దలు మూడు మాటలను వేరు చేసి ఇచ్చినారు. అయినను వీధి అరుగు మీదను, ఫలహారశాల బల్లల వద్దను, అరచేతిలోని ఫోను మీదను ఈ మూడు మెట్లూ ఒకే గెంతులో దాటివేయబడుతున్నవి. ఉదయం అనుమానితుడైనవాడు మధ్యాహ్నానికి నిందితుడు, సాయంకాలానికి దోషి.

ఇతరులను విమర్శించుటకు ముందు మా తప్పును మేమే ఒప్పుకొనవలసి ఉన్నది. కొంతకాలం క్రిందట మేము నివసించే వీధిలో ఆరేళ్ల పాప మధ్యాహ్నం నుండి కనబడలేదు. ఆనాడు ఉదయం సైకిలు మీద దుప్పట్లు అమ్ముకొనే ఒకాయన ఆ పాపతో నవ్వుతూ మాట్లాడినాడని ఎవరో అన్నారు. అతని ఫొటో ఎవరి దగ్గరో ఉన్నది. గంట గడవకముందే అది వందలమందికి చేరినది. చేర్చినవారిలో మేమూ ఉన్నాము. ‘ఇతనిని ఎక్కడ చూచినా పట్టుకొనండి’ అన్న వాక్యాన్ని మేము వ్రాయలేదు; చెరిపివేయనూ లేదు. చీకటి పడేవేళకు పాప తన మేనత్త ఇంటి మిద్దెపైన నిద్రపోతూ కనబడినది. వీధి అంతా సంతోషించినది. ‘పాప దొరికినది’ అన్న వార్తను కూడ మేము పంపినాము. కాని ‘ఆ దుప్పట్ల వ్యాపారి నిర్దోషి’ అన్న వార్తను మాలో ఒక్కరమూ పంపలేదు. ఆ పెద్దమనిషి మరల మా వీధికి రాలేదు. ఆయనకు ఏమైనదో, మా ఫొటో ఏ ఊరిదాకా ఆయనను తరిమినదో తలచుకొన్నప్పుడు మాకు సిగ్గు కలుగుచున్నది. ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

ఇటువంటి ఊహాగానం ఎంతదూరం పోగలదో తెలుపుటకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిగిన ఒక ఉదంతాన్ని పాఠకుల దృష్టికి తెస్తాము. 1989 అక్టోబరు 22వ తేదీ రాత్రి, సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊరిలో, జేకబ్ వెట్టర్‌లింగ్ అనే 11 ఏళ్ల బాలుడు తమ్మునితోను, స్నేహితునితోను కలిసి దుకాణం నుండి ఇంటికి వస్తున్నాడు. ముసుగు వేసుకొన్న ఒక దుండగుడు తుపాకి చూపి వారిని ఆపి, జేకబ్‌ను మాత్రం ఉంచుకొని మిగిలిన ఇద్దరినీ వెనుదిరగకుండా పరుగెత్తుమన్నాడు. ఆ తరువాత దాదాపు 27 సంవత్సరాలపాటు ఆ బాలుని జాడ తెలియలేదు. అతని పేరు మీదనే 1994లో అమెరికాలో ఒక చట్టం వచ్చినది.

అపహరణ జరిగిన చోటికి దగ్గరలో ఒక పొలం ఉన్నది. అందులో తల్లిదండ్రులతో కలిసి ఒక సంగీతోపాధ్యాయుడు నివసించేవాడు. ఆ రాత్రి ఆయన ఇంటిలో ఒంటరిగా ఉన్నాడు. తమ ఇంటి దారిలోకి ఒక కారు వచ్చి తిరిగి వెళ్లినదని పోలీసులకు ఆయనే చెప్పినాడు. సంవత్సరాలు గడిచిన తరువాత, దుండగుడు కారులో గాక కాలినడకన వచ్చి ఉంటాడన్న ఊహ దర్యాప్తువారికి బలపడినది. కాలినడకన వచ్చినచో దగ్గరివాడే కావలెను గదా! 2010లో ఆ పొలాన్ని యంత్రాలతో త్రవ్వి, మట్టిని బండ్లకెత్తి తీసుకొనిపోయినారు. నేరాన్ని రుజువు చేయగల దేదియు దొరకలేదు. కాని ‘దర్యాప్తులో మా దృష్టి ఉన్న వ్యక్తి’ అని అధికారులు ఆయనను పేర్కొన్నారు. ఆ మాటకు చట్టంలో ప్రత్యేకమైన అర్థమేదీ లేదు. లోకానికి మాత్రం అది తీర్పుతో సమానమైనది.

నిజం 2016 సెప్టెంబరులో బయటపడినది. సుమారు 30 మైళ్ల దూరంలోని పేన్స్‌విల్ ఊరికి చెందిన మరొకడు బాలుని అవశేషాలున్న చోటు చూపి, ఆ రాత్రియే హత్య చేసినట్లు న్యాయస్థానంలో ఒప్పుకొన్నాడు. అతడు కారులోనే వచ్చినాడు. ఇంకొక విషయం మరింత బాధాకరం: 1990 ఆరంభంలోనే అతనిని పోలీసులు ప్రశ్నించి, ఆధారాలు చాలక విడిచిపెట్టియున్నారు. 2018లో ఆ దర్యాప్తు పత్రాలను బయటపెట్టినప్పుడు, అప్పటి స్థానిక పోలీసు అధిపతియే దర్యాప్తు దారితప్పినదని బాహాటంగా అంగీకరించినాడు.

ఈ ఉదంతంలో మనము నేర్వవలసినది రెండంచుల పాఠము. నిర్దోషియైన ఉపాధ్యాయుడు ఆరేళ్లు ఆ మచ్చను మోసినాడు. ఇది ఒక అంచు. ఒక తప్పుడు మనిషి వైపు ఎన్ని కళ్లు తిరిగినవో, అసలు మనిషి వైపు అన్ని కళ్లు మూసుకొనిపోయినవి. ఇది రెండవ అంచు. ‘పోనీ, ఒకవేళ తప్పైనా బిడ్డ కోసమే గదా అనుమానించినాము’ అని మనకు మనము సర్దిచెప్పుకొంటాము. కాని తప్పుడు అనుమానం వలన బిడ్డకు ఒరిగేదేమీ లేదు. అది దొంగకు చేసిన ఉపకారం.

2007 మే 3న పోర్చుగల్‌లోని ప్రాయా ద లూజ్‌లో మడెలిన్ మెక్‌కాన్ అనే మూడేళ్ల బ్రిటిషు బాలిక మాయమైనప్పుడు కూడ ఇదే జరిగినది. ఆ దగ్గరనే నివసిస్తూ, పోలీసులకు దుబాసిగా సహాయపడిన ఒక వ్యక్తి ప్రవర్తన వింతగా ఉన్నదని ఒక పాత్రికేయురాలు అనుమానించినది. మే నెలలోనే పోర్చుగీసు పోలీసులు అతనిని అధికారికంగా అనుమానితుడన్నారు. బ్రిటిషు పత్రికలు మిగిలిన రెండు మెట్లు తామే ఎక్కించినవి. 2008 జూలైలో అతనిపై అనుమానం తొలగింపబడినది. 11 పత్రికలు కలిసి 6 లక్షల పౌనుల పరిహారం చెల్లించి క్షమాపణ చెప్పుకొన్నవి. బాలిక తల్లిదండ్రులను సైతం లోకం విడువలేదు. వారిపై వ్రాసిన వ్రాతలకు ఒక పత్రికా సంస్థ 2008 మార్చిలో మొదటి పుటలోనే క్షమాపణ ప్రచురించి, 5 లక్షల 50 వేల పౌనులు చెల్లించవలసి వచ్చినది. బిడ్డను పోగొట్టుకొన్నవారిపైననే బిడ్డను చంపిన నింద మోపగలిగిన నాలుకకు హద్దు ఏది?

‘ఇవన్నీ సముద్రాల ఆవలి కథలు’ అని ఎవరైనా అనవచ్చును. అయితే 2018వ సంవత్సరాన్ని జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న పుకారు మీద ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపినది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటన చేసుకొని బ్రతికే ఒక సంచారజాతికి చెందిన ఐదుగురు అదే అనుమానానికి బలియైనారు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాకు విహారానికి వెళ్లిన మన హైదరాబాద్ యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచినారు. పసివారిపై ప్రేమతో చేసిన పని అది. పిల్లలను ఎత్తుకుపోయేవారు వచ్చినారన్న వార్త వారి కారు కన్న వేగంగా ముర్కి గ్రామానికి చేరినది. అక్కడ జనం దారి అడ్డగించినారు. వారిలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయినాడు. రక్షింపబోయిన పోలీసులకు కూడ గాయాలైనవి.

ఆనాడు ఊరూరా తిరిగిన ఒక వీడియోలో, మోటారుసైకిలుపై వచ్చినవారు వీధిలో ఆడుకొంటున్న పిల్లవానిని ఎత్తుకొనిపోతారు. అది నిజమైన అపహరణ కాదు. పిల్లల భద్రత గురించి హెచ్చరించుటకు కరాచీలోని ఒక సేవాసంస్థ తీయించిన చిత్రం. చివరలో పిల్లవానిని తిరిగి దింపివేసి, హెచ్చరిక వాక్యం చూపుతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించినారు. పిల్లలను కాపాడుటకు తీసిన చిత్రమే మనుషులను చంపుటకు పనిముట్టయినది! ఒక వార్త చివర ఏమున్నదో తెలియకుండ దానిని ముందుకు నెట్టరాదనుటకు ఇంతకు మించిన దృష్టాంతం లేదు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనే సామెతను ఇటువంటప్పుడు తరచు వింటాము. కాని పైన చెప్పిన ఉదంతాలలో నిప్పు ఎక్కడ ఉన్నది? చాక్లెట్లలోనా? తమ దారిలోకి కారు వచ్చినదని నిజం చెప్పిన నాలుకలోనా? ఇంకొక మాట గమనింపవలెను. పుకారు ఎన్నడూ ఊరిపెద్ద గడప మీద వాలదు. బిచ్చగాడు, సంచారజాతివాడు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి, ఒంటరివాడు, మన భాష రానివాడు, మన మతం కానివాడు, వీరి మీదనే వాలుతుంది. అనుమానం అని మనము అనుకొనేది చాలసార్లు మన పాత అయిష్టమే. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొంటున్న మనకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు. మనపై ఎవరైనా అటువంటి నింద వేసినప్పుడు మనకెంత నొప్పి కలుగునో, మనము ఇతరులపై వేసినప్పుడు వారికిని అంతే నొప్పి కలుగును.

అట్లని ప్రజలు నోరు మూసుకొని కూర్చోవలెనని మా వాదన కాదు. జేకబ్ వెట్టర్‌లింగ్ విషయంలోనే, ఒక స్థానిక రచయిత్రియు, బాల్యంలో అదే దుండగుని చేతిలో చిక్కి బయటపడిన ఒక బాధితుడును పాత దాడుల వివరాలను ఓపికగా ప్రోగుచేసినారు. పేన్స్‌విల్ పరిసరాలలో బాలురపై జరిగిన దాడులపై దర్యాప్తువారి దృష్టి మరల పడుటకు వారి కృషి తోడ్పడినది. 2015లో ఆ బాధితుని నాటి దుస్తుల మీది డి.ఎన్.ఎ. అసలు నేరస్థుని వైపు దారి చూపినది. వారు వాస్తవాలను వెదకినారు. సంబంధించిన అధికారులకు అందించినారు. ఊహాగానం చేసేవారు మనిషిని ముందు నిర్ణయించుకొని, వాస్తవాలను తరువాత వెదకుతారు. తేడా అక్కడనే ఉన్నది.

చట్టం దృష్టితో చూచినను ఊహాగానం హానికరమే. సాక్షి నేరస్థుని గుర్తుపట్టగలడా అని పరీక్షించుటకు గుర్తింపు కవాతు జరుపుతారు. అనుమానితుని ఫొటో ముందే ఊరంతా చూచియున్నచో ఆ గుర్తింపునకు విలువ తగ్గిపోవును. నిజమైన దొంగ సైతం ఆ కారణముగా తప్పించుకొనవచ్చును. పోలీసుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలును న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించదు. మనము మాత్రం ‘ఒప్పుకొన్నాడట’ అన్న ఒక్క ‘అట’ మీద ఉరిశిక్ష వేస్తున్నాము. గుంపుల హింసను అరికట్టుటకు ప్రతి జిల్లాలోను ప్రత్యేక అధికారిని నియమించవలెనని 2018 జూలై 17న సుప్రీంకోర్టు ఆదేశించినది. అదే న్యాయస్థానం 2013లో, బిడ్డ తప్పిపోయినట్లు ఫిర్యాదు అందగానే పోలీసులు కేసు నమోదు చేసి తీరవలెనని చెప్పియున్నది. ఒక రోజు ఆగవలసిన పని లేదు. కోపం చూపవలసిన చోటు అదే: కేసు నమోదు చేయని ఠాణా ముందు, దుప్పట్లమ్ముకొనేవాని మీద కాదు.

కళాశాల పాలకసంఘంవారికి మా మనవి మూడు అంశాలతో కూడినది. ఒకటి, ప్రతి విద్యాసంవత్సరం ఆరంభంలో ఒక పోలీసు అధికారిని, ఒక న్యాయవాదిని పిలిపించి ఈ విషయమై తెలుగులోను, ఉర్దూలోను ప్రసంగాలు ఏర్పాటు చేయవలెను. రెండు, బాలల సహాయానికి 1098, అత్యవసరానికి 112 అన్న అంకెలను రెండు లిపులలో ప్రకటన బల్లపై శాశ్వతంగా వ్రాయించవలెను. మూడు, బిడ్డ తప్పిపోయినచో బిడ్డ ఫొటోను మాత్రమే, అదియు తల్లిదండ్రుల అనుమతితోను, పోలీసుల అనుమతితోను పంపవలెననియు, బిడ్డ దొరికిన వెంటనే దానిని తొలగించవలెననియు, అనుమానితుని ఫొటో ఎంతమాత్రం పంపరాదనియు విద్యార్థి సంఘంచేత ఒక నియమం చేయించవలెను.

సహవిద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక్కటే. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరు చుట్టి వస్తుందని పెద్దలంటారు. ఆ అబద్ధానికి కాళ్లు లేవు. మన వ్రేళ్లే దాని కాళ్లు. బిడ్డ కోసం వెదకుదము, రాత్రంతా వెదకుదము. చూచినది ఠాణాలో చెప్పుదము. చూడనిది మానుదము. ఆ దుప్పట్ల వ్యాపారి ఎప్పుడైనా మరల మా వీధికి వచ్చినచో, ఆయనను కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, క్షమాపణ చెప్పుకొనవలెనని మేము ఎదురుచూస్తున్నాము. ఆయన ఇంతవరకు రాలేదు.