పట్నం పెరట్లో పెట్టలకు చోటివ్వాలి

హైదరాబాద్ లాంటి నగరాల్లో పెరడున్న ఇంటివాళ్లు నాలుగైదు పెట్టలు పెంచుకోవడానికి స్పష్టమైన అనుమతి ఉండాలని నా అభిప్రాయం.

గోల, కంపు అని పక్కింటివాళ్లు అంటారు. తెల్లారకముందే కూసేది పుంజు. గుడ్డుకి పుంజుతో పనిలేదు, పెట్టలు చాలు. కంపు తడి రెట్టతోనే వస్తుంది. గూట్లో ఊక మందంగా పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి. తీసిన ఊకని మాగబెడితే మిద్దెతోటకు మంచి ఎరువు. గూడు కట్టే పద్ధతి వీడియోలో చూపించాను.

అసలు భయం జబ్బులది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూశాం కదా! అందుకే చాటుగా పెంచేకన్నా నమోదు చేయించి పెంచడమే మేలు. ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే కొక్కెర తెగులు టీకా అందరికీ అందుతుంది, జబ్బొస్తే త్వరగా బయటపడుతుంది.

ఇందులో మనకేంటి అంటారా? వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైనవే. ఆ పిల్లల్ని టీకాలేసి, కాస్త పెంచి పట్నంవాళ్లకు అమ్మేది మనమే కావొచ్చు. పైగా ఐదారు నెలలు మేపితేగానీ తొలి గుడ్డు రాదు. ఆ ఓపిక పట్టినవాళ్లు మన నాటుగుడ్డు దగ్గర బేరమాడరు.

పుంజు వద్దు, సంఖ్యకు హద్దు, నమోదు, టీకా. ఈ నాలుగు షరతులు పెట్టి అనుమతి ఇవ్వాలి. మీరేమంటారు?