చైనుకు కాలిన ఆయిలేనా?

సార్వా నాట్లు మొదలయ్యాయంటే కృష్ణా డెల్టాలో తారు రోడ్డుకూ పొలం గట్టుకూ పెద్ద తేడా ఉండదు. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజీవీల్స్‌తోనే రోడ్డెక్కుతాయి. వాటి వెంట మడిలోని నల్లమట్టి రోడ్డంతా పరుచుకుంటుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ ఎటు వెళ్లినా ఇదే వరస. కరకట్ట మీదనైతే ఇసుక లారీల నుంచి రాలిన ఇసుక. ఈ మట్టీ, ఇసుకా మోటారు సైకిలుకు పట్టే చోట్లలో మొదటిది చైను. తెల్లవారుజామున పాల క్యానులు కట్టుకుని వెళ్లేవారు, చేపల బుట్టతో ఊళ్లు తిరిగేవారు, ఎరువు బస్తా వేసుకుని పొలం పోయే రైతులు, వీరందరి సంపాదనా ఆ చైను మీదే నడుస్తున్నది. దానికి మనం చేస్తున్న సేవ మాత్రం సీసా మూతకు చిల్లు పెట్టి కాలిన ఇంజను ఆయిలు పోయడం! ఈ అలవాటు మానుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

చైను పైకి ఇనుప ముక్కలు గుచ్చిన దండలాగా కనిపిస్తుంది. అసలు పని లోపల జరుగుతుంది. లింకు లింకుకూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, బుష్షు మీద తిరిగే రోలరు ఉంటాయి. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ కనిపెట్టిన ఏర్పాటు ఇది. నేటికీ మూలం మారలేదు. పిన్నుకూ బుష్షుకూ మధ్య నూనె ఉన్నంత కాలమే చైను బాగుంటుంది. అక్కడ ఎండితే ప్రతి పిన్నూ కాస్త అరుగుతుంది. అన్ని లింకుల అరుగుదలా కలిసి చైను వదులవుతుంది. చైను సాగిందని అంటాము గాని నిజానికి ఇనుము సాగలేదు, అరిగింది. అరిగిన చైను స్ప్రాకెట్ పళ్లను కూడా కొక్కేల మాదిరి అరగదీస్తుంది. అప్పుడు చైను ఒక్కటీ మార్చి ప్రయోజనం లేదు. ముందు, వెనుక స్ప్రాకెట్లతో కలిపి సెట్టు మొత్తం మార్చవలసిందే.

కాలిన ఆయిలు అంటే ఏమిటి? ఇంజనులో వేల కిలోమీటర్లు తిరిగి, మసినీ సన్నటి లోహపు రజనునూ మోసుకుని బయటపడ్డ నూనె. పలుచనిది కావడంతో చక్రం తిరగగానే చాలా వరకు రిమ్ము మీదికీ టైరు మీదికీ చిందుతుంది. మిగిలినది రోడ్డు మట్టిని పట్టి కూర్చుంటుంది. నూనెలో ఇసుక కలిస్తే అది కందెన కాదు, సాన పట్టే ముద్ద. అయినా చైను నల్లగా నిగనిగలాడుతుంటే యజమానికి తృప్తి.

మన పెద్దలు ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవారు. ఆముదంలో గడ్డి మసి కలిపిన ఆ నల్లటి కందెన బండికి వేలాడే గొట్టంలో ఉండేది. నల్లగా ఉన్నదే మంచి కందెన అన్న నమ్మకం అక్కడి నుంచే వచ్చిందేమో! కాని ఎద్దు నడకతో సాగే ఇరుసు వేరు, నిమిషానికి వందల సార్లు పళ్ల మీద పడి లేచే రోలరు వేరు.

ఈ విషయంలో మెకానిక్కులను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. ఆయిలు మార్పించడానికి బండి వస్తుంది. దించిన ఆయిలునే నాలుగు చుక్కలు చైను మీద పోసి పంపుతారు. అందుకు వారు డబ్బు అడగరు, మనమూ ఇవ్వము. కూలి లేని పనికి కొత్త నూనె ఎవరు వాడతారు? విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లే లారీ యజమాని గొణిగినా సరే గ్రీజు కొట్టించడానికి డబ్బు ఇస్తాడు. మోటారు సైకిలు చైను టీ ఖర్చుకు కూడా నోచుకోలేదు.

ఇంతకంటె ఘోరమైన అలవాటు మరొకటి ఉంది. బండికి సెంటర్ స్టాండు వేసి, ఇంజను స్టార్టు చేసి, గేరులో పెట్టి, తిరిగే చైనుకు గుడ్డ ఆనించి తుడవడం! పని త్వరగా అవుతుందన్నది నిజమే. కాని గుడ్డ కొస స్ప్రాకెట్ పళ్లలో చిక్కితే, చెయ్యి వెనక్కు తీసుకోవాలన్న ఆలోచన వచ్చే లోపే వేళ్లు తెగిపోతాయి. షాపుల్లో ఈ పని ఎక్కువగా అప్పగించేది పని నేర్చుకునే కుర్రవాళ్లకు. ఇళ్ల ముందయితే పక్కనే పసిపిల్లలు ఉంటారు. తిరిగే చక్రం వారికి ఆట వస్తువు. తాళం చెవి జేబులో పడిన తరువాతే చైను మీద చెయ్యి పడాలి.

చేయవలసిన పద్ధతి కష్టమైనదేమీ కాదు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో వెనక్కు తిప్పుతూ, పాత బ్రష్షుతో కిరసనాయిలు పట్టించి మట్టి వదిలించాలి. రేషన్ షాపులో కిరసనాయిలు పోయించుకునే రోజులు పోయాయి కనుక మామూలు చైనుకు డీజిలు అయినా సరే. పెట్రోలు మాత్రం వద్దు, నిప్పుకు భయం. పెద్ద బళ్లకు వచ్చే ఓ-రింగు చైనులకు కంపెనీ పుస్తకం చెప్పినదే వాడాలి, పెట్రోలు తగిలితే వాటి రబ్బరు చెడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత, 90 నంబరు గేర్ ఆయిలును చైను లోపలి వైపు నుంచి పట్టీల సందుల్లో పడేలా చుక్కలుగా వేయాలి. సాయంత్రం బండి ఇంటికి చేరాక ఈ పని చేస్తే తెల్లవారేసరికి నూనె లోపలికి దిగుతుంది. పొద్దున్నే పైన మిగిలినది తుడిచేయాలి. టైరు మీద చుక్క పడినా ఉపేక్షించరాదు. కంపెనీ పుస్తకాలు చాలా వరకు 500 కిలోమీటర్లకొకసారి నూనె వేయమంటాయి. నాట్ల రోజుల్లో మన రోడ్లకు వారానికొకసారి చేసినా ఎక్కువ కాదు.

పూర్తి కవరు ఉన్న బళ్ల వారు తమకు ఈ బాధ లేదనుకుంటారు. బురద నీరు కవరులోకీ వెళుతుంది, వెళ్లినది త్వరగా ఆరదు. అప్పుడప్పుడు విప్పించి చూడాలి. కుర్రకారు కొందరు అందం కోసం కవరే తీసేస్తున్నారు. వెనుక కూర్చున్న తల్లి చీర కొంగు సంగతి వారికి తట్టదు.

చైను లాక్ కూడా చూసుకోవాలి. లాక్ మూసిన వైపు చైను కదిలే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఊడే ప్రమాదం ఉంది. కాలువ గట్టు మీద, అటొక క్యానూ ఇటొక క్యానూ ఉన్న బండికి చైను ఊడి వెనుక చక్రం పట్టేస్తే మనిషి ఎటు పడతాడో చెప్పనక్కర లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ తదితర ప్రాంతాలు మునిగినప్పుడు ద్విచక్ర వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ప్రభుత్వం వాటికి రూ. 3,000 చొప్పున సాయం ప్రకటించింది. అలా నానిన చైనుకు పైపైన నూనె పూస్తే తుప్పు లోపలే ఉండిపోతుంది. చేత్తో వంచి చూస్తే బిగుసుకున్న లింకులు తెలుస్తాయి. అవి ఉంటే ఆ చైను మార్చడమే మేలు.

కేజీవీల్స్ ట్రాక్టర్లను తారు రోడ్డు మీదికి రానీయకుండా చూడవలసిన బాధ్యత అధికారులది. మెకానిక్కు సోదరులు కూడా ‘చైను శుభ్రం చేసి కొత్త ఆయిలు వేయుటకు ఇంత’ అని షాపు ముందు ఒక రేటు రాసి పెట్టాలి. అడిగిన డబ్బు ఇవ్వడానికి బండి యజమానులు వెనుకాడరాదు. సార్వాకు కాలువలు వదిలే లోపే ఆ పని జరిగితే ఈ ఏటి నాట్లకు అక్కరకు వస్తుంది.