వందన సమర్పణ మాకెందుకండీ?

ఈ సంక్రాంతికి మా పుట్టింటికి, జలంత్రకోటకి వెళ్ళాను. చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు, పెరటి గదిలోంచి ఎవరిదో గొంతు. "గౌరవనీయులైన అధికారులకు, వేదికనలంకరించిన పెద్దలకు నా హృదయపూర్వక నమస్సుమాంజలులు..." టీవీ ఏమో అనుకున్నాను. మంచం మీంచి మా అమ్మ కేకేసింది.

"ఏటే! ఎవుల్ని ఎక్కిరిస్తన్నావు?"

తలుపు తోసి చూద్దును కదా, మా మేనకోడలు! బీరువా అద్దం ముందు నిలబడి, పెళ్ళిచూపులకి కూర్చున్న పిల్లలా ఓ నవ్వు మొహానికి అతికించుకుని, చేతులు పైట చెంగులో దాచుకుని ఉపన్యాసం అప్పజెప్పుకుంటోంది. నన్ను చూసి ఆ నవ్వు కాస్తా జారిపోయింది. "అత్తా! నాకు మాటాడడం రాదంట. నేర్చుకుంటన్నాను" అంది.

పొద్దున్న లేస్తే ఊళ్ళో సగం మందికి సమాధానం చెప్పే పిల్ల అది. దానికి మాటలు రావని ఎవరు తేల్చారో కనుక్కోవాలనిపించింది.

సంగతేమిటంటే, వాళ్ళది పదిమంది ఆడవాళ్ళ సంఘం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా అన్నయ్య తోటలో జీడిచెట్లు సగం వేళ్ళతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత మా వదినా, ఈ పిల్లా జీడిపప్పు పనికి కూలికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు ఇతరుల పిక్కలు కొట్టి, పొట్టు తీసి ఇచ్చారు. ఇప్పుడు సొంతంగా పిక్కలు కొని, తామే పప్పు తీసి అమ్ముకుందామని ఆశ. వేసవిలో పంట దిగుతుంది. ఆలోగా బ్యాంకు అప్పు చేతికి రాకపోతే పిక్కలన్నీ వ్యాపారి గోదాములోకి పోతాయి, వీళ్ళు మళ్ళీ కూలికి పోతారు. అంచేత అధికారుల ముందు నిలబడి తమ పని గురించి చెప్పుకోవాలి. అలా చెప్పడం నేర్పుతామని ఎవరో మూడు రోజుల శిక్షణ పెడితే మా పిల్ల వెళ్ళింది.

ఆ శిక్షణలో రాసుకున్న నోటు పుస్తకం నేను చదివాను. చిరునవ్వు చెరగరాదు. గొంతు హెచ్చరాదు. అరచేతులు కనబడేలా నిలబడాలి. మొదటి వాక్యం ఇంగ్లీషులో ఉంటే గౌరవం. 'ఏటి', 'గాదు' లాంటి యాస మాటలు దొర్లకూడదు. ఆఖరి నియమం చూడండి, 'తప్పులుంటే మన్నించమని ముగించాలి'.

పుస్తకం అంతా వెతికాను. బస్తా ధర ఎంత, పప్పు ఎంత వస్తుంది, బాకీ ఎప్పటికి తీరుస్తారు అన్న ముక్క ఒక్కటీ లేదు. అప్పు ఇచ్చేవాడికి కావలసింది అదే కదండీ!

అన్నిటికంటే అరచేతుల నియమం దగ్గర నా మనసు చివుక్కుమంది. జీడి పిక్కల పని చేసినవాళ్ళ చేతులు మీరెప్పుడైనా చూశారా? పెంకులోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్ళు నల్లబడి పొరలు లేస్తాయి. ఆ చేతులు చూపించడానికి సిగ్గుపడే ఈ పిల్ల వాటిని చెంగులో దాచుకుంది. అరచేతులు చూపించమన్న పెద్దమనిషి వాటి నలుపుకి సిగ్గుపడక్కర్లేదని కూడా చెప్పి ఉంటే ఎంత బావుండేది!

ఇక యాస సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే, 1863లో. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, జనం మాట్లాడే తెలుగే చదువులోకీ రాతలోకీ రావాలని జీవితమంతా పోట్లాడారు. సవరల పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠం చెప్పాలని ఆ భాష నేర్చుకుని మరీ పూనుకున్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని ఏటా పండగ చేస్తున్నాం. పండగ మర్నాడు ఆయన గడ్డ మీద పుట్టిన పిల్లని 'ఏటి' అనకు, నామోషీ అంటున్నాం! కాళీపట్నం రామారావుగారి కథల్లో మన మాట చదివి ఆహా అనేవాళ్ళే, అదే మాట బ్యాంకులో ఓ ఆడపిల్ల నోట వస్తే మొహం ముడుచుకుంటారు.

ఇది మన ఊరి జబ్బే అనుకోకండి. మార్గరెట్ థాచర్ 1979లో బ్రిటన్ ప్రధాని కాకముందు గొంతు కీచుగా ఉందన్నారని శిక్షణ తీసుకుని మరీ స్వరం తగ్గించుకుంది. పార్లమెంటులో మగవాళ్ళు గావుకేకలు పెడితే చర్చ అంటారు. ఆడదాని గొంతు కాస్త లేస్తే మటుకు కీచు!

అలాగని మాట్లాడటానికి సాధన అక్కర్లేదని నేననను. నా సంగతే చెబుతాను. నేను బి.ఏ. చదివాను, నవలలు రాశాను. అయినా మొదటిసారి ఓ గ్రంథాలయ వార్షికోత్సవంలో మాట్లాడమంటే పదకొండు పేజీలు రాసుకెళ్ళాను. నాకు ముందు మాట్లాడినాయన ఆరడుగుల మనిషి. మైకు ఆయన నోటి ఎత్తులోనే ఉండిపోయింది, దించేవాళ్ళు లేరు. నుదురు తప్ప ఏమీ కనబడని నేను రెండో పేజీలో ఉండగానే 'త్వరగా' అని చీటీ వచ్చింది. ఆయన మాత్రం గంటంపావు మాట్లాడారు లెండి. ఇంటికొచ్చాక మావారు, "బాగానే ఉంది గానీ, ఎవరితో మాట్లాడావోయ్?" అన్నారు. ఆ పూట కోపం వచ్చినా, ఆ ప్రశ్నే నాకు పనికొచ్చింది. నేను కాగితంతో మాట్లాడాను. ఎదురుగా కూర్చున్న మనుషుల్ని ఒక్కసారీ చూడలేదు.

మన సభల్లో ఆడవాళ్ళకి దక్కే పనులేమిటో గమనించారా? ప్రార్థన పాడాలి. దీపం దగ్గర పళ్ళెం పట్టుకోవాలి. పూలగుచ్ఛాలు అందించాలి. అందరూ భోజనాలకి లేచాక వందన సమర్పణ చెయ్యాలి. ముప్ఫయ్యేళ్ళు ఇదే చేయించి, తర్వాత వీళ్ళకి మాట్లాడటం రాదంటారు! ఏటిలో దిగనివ్వకుండా ఈత రాదనడం కాదూ?

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిని తలుచుకోండి. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని ఈవిడ తెలుగులో చెప్పింది. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల! హిందీ నేర్చుకుని మరో నలుగురికి నేర్పుతున్న పిల్ల కనక చెప్పగలిగింది. విషయం చేతిలో ఉంది, ఎవరో ఆ అవకాశం ఇచ్చారు. అంత దూరం ఎందుకు, మన మందస జమీందారీలో 1940లో రైతుల తరఫున పోలీసులకి ఎదురు నిలిచి ప్రాణాలిచ్చిన గున్నమ్మ ఏ శిక్షణకి వెళ్ళింది?

సరే, ఆ సాయంత్రం మా పిల్లని అమ్మ మంచం దగ్గర కూర్చోబెట్టాను. "నాయనమ్మే బ్యాంకు ఆఫీసరు. అప్పు ఎందుకివ్వాలో చెప్పు" అన్నాను. మా అమ్మ రూపాయి అప్పివ్వాలన్నా పది ప్రశ్నలు వేసే రకం, మంచి పరీక్షే. ముందు "గౌరవనీయులైన" అంటూ లేచింది. మా అమ్మ అటు తిరిగి పడుకుంది. అప్పుడు పిల్లకి కోపం వచ్చింది.

"ఇటు ఇను నాయనమ్మా! బస్తా ఎనబై కేజీలు. ఉడకబెట్టి, కొట్టి, పొట్టు తీస్తే అందల పావొంతు పప్పు. గుండు గుండుగా ఉంటే ఒక రేటు. ఇరిగి బద్దయిందా, రేటు పడిపోద్ది. మా పదిమంది సేతుల్లో గుండు ఇరగదు. అదే మా యాపారం."

మా అమ్మ ఇటు తిరిగింది. "మరి బాకీ ఎప్పుడు తీరుస్తావే?" అంది.

అక్కడ తడబడింది. ఆ లెక్క నిజంగానే వేసుకోలేదు! ఆ రాత్రి మేం ముగ్గురం కూర్చుని వేశాం. సరుకు అమ్ముడయ్యేదాకా కూళ్ళకి ఎంత కావాలి, ధర పడిపోతే ఏం చేస్తారు, అన్నీ చిన్న చీటీ మీదికెక్కించాం. నేను చెప్పినవి నాలుగు ముక్కలే. ఎంత కావాలో, ఎందుక్కావాలో మొదటే చెప్పెయ్. తడబడితే ఓ క్షణం ఊరుకో, క్షమించమనకు. నీ మాట మధ్యలో ఎవరైనా అడ్డొస్తే, "నాది అవలేదండీ" అని మళ్ళీ అందుకో. చేతులు బల్లమీద పెట్టు, నీ పనితనానికి అవే సాక్ష్యం. మూడు రోజుల పాటు రోజూ మా అమ్మ ఎదుట నిలబెట్టి గట్టిగా చెప్పించాను. మా అమ్మ రోజుకో కొత్త పేచీ పెట్టేది.

అధికారుల దగ్గరికి వెళ్ళిన రోజు పిల్ల ఫోన్ చేసింది. "అత్తా! ఒకాయన నా మాట ఇని నవ్వినాడు. నాను ఆగినాను. ఆయన నవ్వడం అయిపోయినాక మల్లీ సెప్పినాను" అంది. నవ్విన ఆ పెద్దమనిషికి కూడా మూడు రోజుల శిక్షణ ఎవరైనా పెడితే బావుండును. వినడం నేర్పే బడి మన దేశంలో ఎక్కడా కనబడదేం?

అప్పు వచ్చిందా అని అడుగుతున్నారు కదూ? అడిగినదాంట్లో సగం ఇచ్చారు. మిగతాది ఈ పంట లెక్క చూశాక అన్నారట. సగం పిక్కలైనా సొంతంగా కొంటారు.

మొన్న మళ్ళీ ఫోన్. మహిళా దినోత్సవం సభకి రమ్మని పిలుపొచ్చిందట, ప్రార్థన గీతం పాడమని. "పాట రాదండీ, జీడి లెక్క సెప్తాను" అందట. వాళ్ళు కాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని అయిదు నిమిషాలు ఇచ్చారట. ముందు మైకు దించమని అడగవే అని చెప్పి పెట్టేశాను.