చిన్న ఇంట్లో ఇల్లాలి చోటు ఎక్కడ?

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని మనకో సామెత ఉంది. ఆ ఇరుకింట్లో ఆవిడ కోతిలా ఎందుకు చిందులేస్తోందో సామెత కట్టిన పెద్దమనిషి మాత్రం కనుక్కున్నట్టు లేదు. ఈ మధ్య ఫోన్ తీస్తే చాలు, బుల్లి బుల్లి ఇళ్ల వీడియోలు. అవి చూసినప్పుడల్లా నాకు ఈ సామెతే గుర్తొస్తోంది. చక్రాల మీద చెక్క ఇల్లు, నిచ్చెనెక్కితే పైన పరుపు, గోడలోంచి లాగితే భోజనాల బల్ల, మెట్ల కింద సొరుగులు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. అన్నం ఉడికేలోపు నేనూ రెండు చూసేస్తాను. (వాటిని 'చిన్నిల్లు' అని మాత్రం రాయను. మన భాషలో ఆ మాటకున్న ఇంకో అర్థం మీకు తెలుసుగా!)

నాకు చిన్న ఇల్లంటే ఇష్టమే, ముందే చెప్పేస్తున్నాను. ఊడ్చేదీ తుడిచేదీ బూజు దులిపేదీ మనమే అయినప్పుడు ఇల్లు ఎంత తక్కువైతే నడుముకు అంత మంచిది. కానీ చిన్న ఇల్లు, సాదా బతుకు, ఆహా ఓహో అని ఎవరైనా మొదలుపెడితే ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఆ ఇంట్లో ఇల్లాలు పది నిమిషాలు ఒంటరిగా కూర్చోవాలంటే ఎక్కడ కూర్చోవాలి?

ఈ మోజుకు పుట్టిల్లు అమెరికా. అక్కడ కొత్తగా కట్టే ఇళ్ల సగటు సైజు 1973లో 1660 చదరపు అడుగులుంటే, 2015 నాటికి 2600 దాటిపోయింది. ఇంట్లో మనుషులు తగ్గుతుంటే ఇల్లు పెరగడమేమిటని కొందరికి విసుగు పుట్టింది. జే షేఫర్ అనే ఆయన వంద చదరపు అడుగులు కూడా లేని ఇల్లు కట్టుకుని ఉండి చూపించాడు. డీ విలియమ్స్ అనే ఆవిడ గుండె జబ్బు బయటపడ్డాక ఉన్న ఇల్లు అమ్మేసి, 84 చదరపు అడుగుల ఇల్లు తన చేతులతో కట్టుకుని, స్నేహితుల పెరట్లో పెట్టుకుంది. ఆ కథంతా పుస్తకంగా రాసింది కూడా. వీళ్లందరికీ పెద్ద తాతలాంటి థోరో 1845లో వాల్డెన్ చెరువు దగ్గర వేసుకున్న గది 10 అడుగులకి 15 అడుగులు. రెండేళ్ల రెండు నెలలు ఉన్నాడు అందులో.

వీళ్ల మీద నాకు గౌరవమే. కానీ ఒక్క సంగతి గమనించండి. వీళ్లు ఒంటి మనుషులు. ఆ గదిలో పదో తరగతి పిల్ల లేదు, రాత్రంతా దగ్గే మామగారు లేరు, సంక్రాంతికి దిగే ఆడపడుచు కుటుంబం లేదు. థోరో గారికైతే నడిచి వెళ్లేంత దూరంలో కన్నవాళ్ల ఇల్లుంది, పోయి వస్తుండేవాడు కూడా. ఇక షేఫర్ గారు పెళ్లయి బిడ్డ పుట్టాక సుమారు 500 చదరపు అడుగుల ఇంటికి మారారు. ఆయన తప్పు చేశారని అనను. ముగ్గురికి అంత కావాలి మరి.

మన దగ్గర ఆ లెక్క ఎలా ఉందో చూడండి. ఆంధ్రాలో ఈమధ్య పేదలకిచ్చిన స్థలం పట్నాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48 గజాల పైచిలుకు. అందులో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560. ఇవి సరదాకి చిన్నగా కట్టుకున్నవి కావు. ఇందులోనే అత్తమామలు, ఇద్దరు పిల్లలు, మొగుడూపెళ్లాలు. నన్నడిగితే తెలంగాణ ఇంట్లో మెచ్చుకోవాల్సింది ఆ 560 అంకె కాదు, రెండో గదికున్న తలుపు. ఎదిగిన ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి అందరినీ బయటికి పంపక్కర్లేదు. ఆంధ్రాలో ఆ స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు, చాలా మంచి పని. అయితే కాగితం మీద ఇల్లంతా ఆవిడదే, లోపల మాత్రం పొయ్యి ముందున్న రెండడుగులు!

"మా నాయనమ్మలు ఒక్క గదిలో పదిమందిని పెంచలేదా" అంటారు కొందరు. పెంచారు. కానీ ఆ ఒక్క గది ఇల్లు నిజంగా ఒక్క గది కాదు. ముందు అరుగు, వసారా, వెనక పెరడు, పెరట్లో బావి, చెట్టు కింద పొయ్యి, ఎండాకాలం వాకిట్లో వరసగా నవారు మంచాలు. గదిలో ఉండేవి ధాన్యం బస్తాలు, పెట్టె, ఉట్టి, దేవుడి గూడు. మనుషులు బతికింది ఎక్కువగా బయటే. మూడో అంతస్తు ఫ్లాటును ఆ ఇంటితో పోల్చి "సర్దుకోండి" అంటే ఎలా? పైగా ఆ రోజుల్లోనూ అరుగు మగవాళ్లదే. ఆడవాళ్లకి దక్కిన చోటు బావిగట్టు. మనసులో మాట చెప్పుకున్నా, కన్నీళ్లు కడుక్కున్నా అక్కడే.

బావిగట్టు కూడా లేని చిన్న ఇల్లు ఎలా ఉంటుందో మా పెద్దమ్మ చెప్పేది. తెలంగాణ నుంచి మగ్గాలు వదిలేసి బొంబాయి మిల్లులకి పోయిన కుటుంబాల్లో వాళ్లదొకటి. చాల్‌లో ఒక గది. వర్లీలో 1920ల్లో కట్టిన బి.డి.డి. చాల్ గదులు 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు అంతస్తుకంతటికీ కలిపి. వీళ్లదీ అలాంటిదే. ఏడుగురు. గదిలోనే ఓ మూల మోరీ, స్నానమైనా గిన్నెలైనా అక్కడే, చీర అడ్డం కట్టుకుని. మగవాళ్లు వరండాలో పడుకునేవాళ్లు. షిఫ్టుకి పోయి వచ్చినవాళ్లు పగలు నిద్రపోతుంటే గిన్నె చప్పుడు కాకూడదు. "ఏడుద్దామన్నా మూల దొరికేది కాదే తల్లీ. కూరగాయలకని సంచీ పట్టుకుని బయటపడి, దారిలో ఏడ్చి, మొహం తుడుచుకుని వచ్చేదాన్ని" అనేది. అదే పెద్దమ్మ ఆ చాల్ గురించి ఎంత ప్రేమగా చెప్పేదో! పక్కగది వాళ్లే పురుళ్లు పోశారట, పిల్లల్ని పెంచారట. రెండూ నిజాలే. మొదటిది వదిలేసి రెండోదాన్ని మాత్రమే చెప్పుకునేవాళ్లంటేనే నాకు కోపం.

వీడియోల్లో కనిపించనిది ఇంకొకటుంది, మడత పని. చిన్న ఇంట్లో ప్రతి వస్తువూ రోజుకి నాలుగుసార్లు కదలాలి. పరుపు చుడితేగానీ హాలు అవదు. పుస్తకాలు తీస్తేగానీ బల్ల మీద కంచాలు పెట్టలేం. వర్షాకాలం దండెం మీది బట్టలు పక్కకి జరిపితేగానీ మనిషి పట్టడు. గ్యాస్ బండ వెనక బియ్యం డబ్బా, దాని మీద మిక్సీ, మిక్సీ తియ్యాలంటే మళ్లీ మొదటికి. వీడియోలో ఆ కుర్రాడు మంచాన్ని ఒక్క చేత్తో గోడకి ఎత్తేస్తాడు, కెమెరా ఉంది కాబట్టి. ఏడాదికి 365 పొద్దుళ్లు ఎత్తేది ఎవరు? పెద్ద ఇంట్లో పక్క తియ్యకపోయినా తలుపు దగ్గరికేసుకోవచ్చు, చిన్న ఇంట్లో అది కుదరదు. అందుకే చిన్న ఇల్లు కావాలనుకునే కుటుంబం ముందు తేల్చుకోవాల్సింది సొరుగులెన్ని అని కాదు, చుట్టేదెవరు, ఎత్తేదెవరు అని.

సామాను సంగతికొస్తే మనకి పెద్ద శత్రువు అటక. "పనికొస్తుందేమో" అన్న ఒక్క మాట మీద నడుస్తుంది అది. పెళ్లినాటి ఇత్తడి గుండిగ, మూత పోయిన ఊరగాయ జాడీ, ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టె. ఇక ఫంక్షన్లలో ఇచ్చే స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ బుట్టలూ సరేసరి. జాకెట్ ముక్కల గురించి నేనేం చెప్పను, తాంబూలంలో వచ్చిన ముక్క నాలుగిళ్లు తిరిగి మనింటికే వచ్చిన సందర్భాలు మీకూ ఉండే ఉంటాయి! అయితే ఇక్కడా ఓ తిరకాసుంది. సాదాగా బతుకుదామనగానే ముందుగా బయటికి పోయేవి ఆవిడ చీరలూ ఆవిడ గిన్నెలూనే. ఆయన పాత స్కూటర్ హెల్మెట్లు, ఇరవయ్యేళ్ల బ్యాంకు కాగితాలు, తెగిపోయిన వైర్ల డబ్బా మాత్రం కదలవు.

నిజంగా చిన్న ఇల్లు ఎవరికి సుఖమో చెప్పనా? పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక నాలుగు పడగ్గదుల డూప్లెక్స్‌లో మిగిలిపోయిన ఇద్దరికి. మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కి ఏడాదైంది. పైగదుల్లో దుప్పట్లు మాత్రం పనిమనిషి చేత నెలనెలా దులిపిస్తుంది, పిల్లలు వస్తే ఉండాలి కదా అని. వాళ్లు రెండేళ్లకోసారి పదిహేను రోజులు వస్తారు. అమ్మేద్దామంటే "నలుగురూ ఏమనుకుంటారు, అప్పులయ్యాయంటారు" అని ఆయన భయం. 340 అడుగుల్లో ఆరుగురు ఉండగా లేని నామోషీ, ఇద్దరు మనుషులు రెండు గదుల్లోకి మారితే వస్తుందా?

మా ఊళ్లో సెంటున్నర స్థలం వచ్చిన ఒకావిడ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో పెద్ద పోరాటమే చేసింది. హాలు కొంచెం పెద్దదైతే సోఫా పడుతుందన్నాడాయన. సోఫా వద్దంది. హాల్లోంచి ఓ అడుగు తగ్గించి, వంటగది గుమ్మానికి తలుపు, వెనక నీడలో మూడడుగుల అరుగు పెట్టించుకుంది. మనిషి కాళ్లు జాపుకుని కూర్చునేంత ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి అక్కడ చిక్కుళ్లు ఒలుస్తూ ఉంటుంది, లోపలి తలుపు దగ్గరగా వేసి.