రాసివ్వండి సార్!

మా తాత డప్పు కొట్టి ఊళ్ళో చాటింపు వేసేవాడు. శిస్తు ఎప్పుడు కట్టాలో, చెరువు నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎవరి గొడ్డు బందెలదొడ్లో పడిందో అన్నీ ఆయన నోటి నుంచే ఊరికి తెలిసేవి. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసేదేమంటే" అని మొదలుపెట్టేవాడట. ఒక్క అక్షరం రాదు. మాట మునసబుది, గొంతు మాది.

ఒకసారి కూలి పెంచమని మాదిగపల్లె పనికి పోకుండా కూచుంది. "పల్లెవాళ్ళని ఎవరూ పనికి పిలవకూడదు, కొట్లో సరుకు ఇవ్వకూడదు" అని చాటమన్నారు. తన పొయ్యి ఆర్పే హుకుంని తనే డప్పు కొట్టి చాటి, ఇంటికొచ్చి డప్పుని మూలకి విసిరికొట్టాడు మా తాత. "దానికి కాయితమేమన్నా ఉందా నాయనమ్మా?" అని అడిగాను. నవ్వింది. "మనల్ని కొట్టటానికి కాయితమెందుకురా? నోరు చాలదూ!"

1984లో కరణాలూ మునసబులూ పోయారు. హుకుం పోలేదు. పేరు మార్చుకుంది. ఆర్డరు, మెమో, సర్క్యులరు, ప్రొసీడింగ్సు అయింది.

మా నాయనకి ఎకరం బంజరుకి డీఫారం పట్టా ఇచ్చారు. పక్క చేను ఆసామి ఏటా గట్టు జరుపుకుంటూ వచ్చి, మేం అడ్డం పడితే కోర్టుకి పోయాడు. "ఇంజక్షన్ ఆర్డరు తెచ్చాడంటరా" అన్నాడు నాయన. అప్పుడు నేను ఆరో తరగతి. ఇంజక్షనంటే సూదే అనుకున్నా. తర్వాత స్టేటస్‌కో వచ్చింది. ఎక్కడున్నది అక్కడే ఉండాలని దానర్థమని ప్లీడరు గుమాస్తా చెప్పాడు. అప్పటికే అర ఎకరం వాడి దున్నకంలో ఉంది. అది అక్కడే ఉంది. అసైన్డు భూమిని కొనకూడదని, అమ్మకూడదని 1977లోనే చట్టం చేశారు. నిజమే, వాడు కొనలేదు, ఊరకే కలుపుకున్నాడు. ఎక్కడివాళ్ళు అక్కడే పడుండాలని చెప్పటానికి ఈ దేశంలో లాటిను ఎందుకయ్యా? మనువు ఎప్పుడో చెప్పాడు కదా.

మా ఇంటికి మేలు చేసిన ఆర్డరు ఒక్కటే వచ్చింది. 2012 డీఎస్సీలో నాకు పంతులు ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ పల్లెంతా తిరిగి "మావోడికి ఆడరొచ్చింది, ఆడరొచ్చింది" అని చెప్పుకుంది. ఆ కాయితాన్ని పసుపు రాసి దేవుడి పటం వెనక పెట్టింది. ఆ ఆర్డరు వెనకాల ఇంకెన్ని వస్తాయో ఆమెకేం తెలుసు!

నేను చేసే బళ్ళో మధ్యాహ్నం అన్నం వండే మనిషిగా పల్లె నుంచి ఒకామెని పెట్టారు. రెండు వారాలకే ఊరి పిల్లలు ఇళ్ళ నుంచి కారేజీలు తెచ్చుకోవటం మొదలుపెట్టారు. ఆ తర్వాత పెద్దమనుషులు వచ్చారు. ఆ తర్వాత పైనుంచి నాకు ఫోనొచ్చింది. "ఆమెని గిన్నెలు తోమటానికి పెట్టండి మాస్టారూ, వంటకి ఇంకొకర్ని చూడండి. ఓరల్‌గా చెప్తున్నా."

ఓరల్! మా తాత నోట్లో పెట్టిన మాటే ఇంగ్లీషు తొడుక్కుని నా చెవిలో పడింది. నేనొకటే అన్నాను. "రాసివ్వండి సార్."

రాసివ్వరు. ఎందుకంటే రాసిన ఆర్డరు ఇంకోటి ఉంది. వంటవాళ్ళ, సహాయకుల నియామకంలో దళితులకి, షెడ్యూల్డ్ కులాలకి, తెగలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాక్యంలో మాట 'షల్'. ఇచ్చి తీరాలని. 'మే' కాదు, ఇస్తే ఇవ్వొచ్చని కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఢిల్లీలో బయల్దేరిన 'షల్' మా మండలానికొచ్చేసరికి 'మే' అయి, మా ఊరి పొలిమేర దాటేసరికి 'వద్దు' అయింది. మాకు రావాల్సిన దగ్గర ప్రతి 'షల్'నీ 'మే' అని చదువుతారు. మేం చెయ్యాల్సిన చాకిరీ దగ్గర ప్రతి 'మే'నీ 'షల్' అని చదువుతారు. ఇదీ వీళ్ళ ఇంగ్లీషు గ్రామరు!

ఆమెని గిన్నెల దగ్గరికి పంపమని రాయని చెయ్యి నాకు మాత్రం రాసింది. షోకాజ్ మెమో. ఇన్‌సబార్డినేషన్ చేశానట. డిక్షనరీ తీశాను. ఆర్డర్ అంటే ఆజ్ఞ. ఆర్డర్ అంటే వరస కూడా. సబార్డినేట్ అంటే ఆ వరసలో కింద ఉండేవాడు. పిల్లలు అన్నానికి కూచునే బంతిలోనూ అదే ఆర్డరు వెతుకుతున్నారు వీళ్ళు. మెమోలో నన్ను 'ఆదేశించడమైనది', నా సంజాయిషీ 'కోరడమైనది'. ఎవరు ఆదేశించారు? ఎవరు కోరారు? కర్త లేడు. మునసబుకి కనీసం మొహం ఉండేది, ఎదురుగా నిలబడి తిట్టేవాడు. ఈ వాక్యానికి మొహమే లేదు. కింద నేను మాత్రం 'తమ విధేయుడు' అని సంతకం పెట్టాలి.

సుప్రీంకోర్టు వాక్యాన్ని అట్లాగే దించి, 'షల్' కింద గీత గీసి జవాబిచ్చాను. దాన్నేం చెయ్యలేకపోయారు. మూణ్ణెల్లకి 'పరిపాలనా కారణాల రీత్యా' ముప్పై కిలోమీటర్ల అవతలి బడికి డెప్యుటేషన్ వేశారు. కారణం అడిగితే అదే కారణం అన్నారు.

2019లో ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెడుతూ 81 నంబరు జీవో వచ్చినప్పుడు కొందరు పెద్దలు తెలుగుతల్లి కోసం గుండెలు బాదుకున్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయ్యా, 1966లోనే తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం చేశారు కదా. మా నాయన చేతికొచ్చిన కోర్టు కాయితం ఏ భాషలో ఉందో అప్పుడెవరన్నా ఏడ్చారా? మా పిల్లల నోటికి ఇంగ్లీషు రాబోయినప్పుడే మీకు తెలుగు గుర్తొచ్చిందా? మా అమ్మకి వచ్చే ఆర్డరు ఆమెకి అర్థమయ్యే తెలుగులో రావాలి. మా పిల్లకి ఇంగ్లీషు 'షల్'కీ 'మే'కీ తేడా పట్టుకునేంత రావాలి. రెండూ కావాలి. ఒకటి తీసుకుని ఒకటి వదిలెయ్యమనే బేరం మాకొద్దు.

ఇప్పుడు నా క్లాసులో లీవ్ లెటర్ ఒక్కటే నేర్పను. 'ప్లీజ్', 'కైండ్లీ' తర్వాత 'ఏ రూలు ప్రకారం?' అనే ప్రశ్నని కూడా ఇంగ్లీషులో రాయిస్తాను. పిల్లలు నవ్వుతారు. రాస్తారు.

మొన్నొకసారి పాత ఊరికి పోయాను. ఆ వంటమ్మ ఇంకా వండుతోంది. నేనొచ్చేసినాక కొత్తాయన కూడా ఆమెని మానుకోమన్నాడట. ఏమన్నావమ్మా అని అడిగాను. గరిటె పక్కన పెట్టి చెప్పింది. "రాసియ్యి సారూ, ఏలిముద్ర ఏసి తీసుకుంటా అన్నా. ఇప్పటిదాకా రాసియ్యలా."