సంతకం పెట్టిన చెయ్యే నోరు నొక్కింది

1967 జూన్‌లో కాలిఫోర్నియా గవర్నరు రొనాల్డ్ రీగన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. గర్భం వల్ల స్త్రీ శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని ఉన్నా, అత్యాచారం వల్ల గర్భం వచ్చినా ఆసుపత్రి కమిటీ అనుమతితో గర్భస్రావం చేయించుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది. అప్పటికి అమెరికాలో అలాంటి చట్టమున్న రాష్ట్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పదిహేడేళ్ళ తర్వాత, 1984 ఆగస్టులో, మెక్సికో నగరంలో జనాభా సదస్సు జరిగింది. అప్పటికి ఆయన దేశాధ్యక్షుడు. ఆ సదస్సు సందర్భంగా ఆయన ప్రభుత్వం ఇతర దేశాల స్వచ్ఛంద సంస్థల నోరు నొక్కే షరతు ప్రకటించింది. ఆయన మనసు మారిందని అభిమానులంటారు. మారితే మారింది, దాని ఖరీదు ఎవరు కట్టారన్నదే నా ప్రశ్న.

అమెరికాలో గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నరు కాదు. ముఖ్యమంత్రి లాంటివాడు, ఓట్లతో గెలవాలి. 1911లో ఇల్లినాయ్‌లో పుట్టిన రీగన్ సినిమా నటుడు, నటుల యూనియన్ అధ్యక్షుడు, 1962 దాకా డెమొక్రాట్. (తెరమీది మొహం అధికార పీఠమెక్కడం మనకు వింతేమీ కాదు.) 1967 నుంచి 1975 దాకా గవర్నరు. భార్యాభర్తల్లో ఎవరి తప్పూ నిరూపించకుండానే విడాకులిచ్చే చట్టం మీద 1969లో సంతకం పెట్టిందీ ఆయనే. కానీ 1976లో ఢిల్లీ పీఠంలాంటి వాషింగ్టన్ పీఠం కోసం పోటీకి దిగినప్పుడు, సంక్షేమ నిధుల్ని మోసంతో కాజేసిన చికాగో స్త్రీ ఒకామె కథను ఊరూరా చెప్పాడు. ఒక్కరి నేరం పేద ఒంటరి తల్లులందరికీ, ముఖ్యంగా నల్లజాతి తల్లులకు, మచ్చయి అంటుకుంది. 1980 ఎన్నికలకు మతవాదుల ఓట్లు కావలసి వచ్చాయి. స్త్రీపురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణను 1940 నుంచి సమర్థిస్తూ వచ్చిన రిపబ్లికన్ పార్టీ ఆ ఏడాది తన ప్రణాళికలోంచి ఆ సమర్థనను తీసేసింది. 1982లో ఆ సవరణ గడువు ముగిసేసరికి ఇంకా మూడు రాష్ట్రాల ఆమోదం తక్కువైంది. 1981లో సుప్రీంకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తిని నియమించింది ఆయనే, కాదనను. పైన ఒక కుర్చీ ఇచ్చి కింద నేల లాగేయడం పితృస్వామ్యానికి కొత్త విద్య కాదు.

ఇక 1984 షరతు. అమెరికా సహాయ నిధుల్ని గర్భస్రావాలకు ఖర్చు పెట్టకూడదన్న నిషేధం 1973 నుంచే ఉంది. కాబట్టి తగువు వాళ్ళ డబ్బు గురించి కాదు. వాళ్ళ కుటుంబ నియంత్రణ నిధులు తీసుకునే విదేశీ సంస్థ, వేరే చోట నుంచి తెచ్చుకున్న సొంత డబ్బుతో కూడా గర్భస్రావ సేవలు అందించకూడదు. అదొక మార్గమని తనంతట తాను సలహా ఇవ్వకూడదు. చట్టం సడలించమని తన ప్రభుత్వాన్నే అడగకూడదు. అత్యాచారం, ప్రాణాపాయం వంటి వాటికి మాత్రం మినహాయింపు. ఇదే షరతు అమెరికా సంస్థలకు పెట్టలేదు, వాళ్ళ రాజ్యాంగం వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడుతుంది గనుక. సొంత దేశంలో మొక్కిన మొక్కు ఆయన మన ఇళ్ళల్లో తీర్చుకున్నాడు. మనకు అక్కడ ఓటు లేదు మరి!

కుటుంబ నియంత్రణ డాలర్ల మీద, టార్గెట్ల మీద పోరాడినవాళ్ళం, ఆ డాలర్లకు షరతులొస్తే మనకెందుకు బాధ అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1985లో మన పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగంలో ఆడవాళ్ళకు అసలు సంగతి చెప్పకుండా సూది మందు వేస్తున్నారని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో సహేలి తదితరులతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పటాన్‌చెరులో చెప్పకుండా సూది వేశారు. మెక్సికోలో చెప్పనే కూడదన్నారు. ఒకరు జనాభా తగ్గాలంటారు, ఒకరు పిండాన్ని కాపాడాలంటారు. ఇద్దరికీ అక్కర్లేనిది ఒక్కటే, ఆమెకు తెలియడం. అందుకే ఈ రెంటినీ ఎదిరించడంలో నాకు వైరుధ్యం కనిపించదు.

మన దేశంలో 1971 నుంచి ఎం.టి.పి. చట్టం ఉంది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. పార్లమెంటు ఇచ్చిన ఈ వెసులుబాటును ఊళ్ళో ఆడవాళ్ళకు వివరించే కార్యకర్త నోరు వాషింగ్టన్‌లో ఎవరు గెలిచారన్న దాన్నిబట్టి తెరుచుకోవాలా, మూసుకోవాలా? క్లింటన్ 1993లో ఆ షరతు ఎత్తేశాడు, బుష్ 2001లో పెట్టాడు, ఒబామా 2009లో తీశాడు. ట్రంప్ 2017లో తిరిగి తెచ్చి ఆరోగ్య నిధులన్నింటికీ విస్తరించాడు. బైడెన్ 2021లో రద్దు చేస్తే, 2025 జనవరిలో ట్రంప్ మళ్ళీ విధించాడు. అదే ఏడాది యుఎస్ఎయిడ్‌నే మూసేశారు. రీగన్ 2004లో చనిపోయాడు, ఆయన షరతు మాత్రం చావలేదు.

నిధుల ఒప్పందాలు ఇంగ్లీషులో వస్తాయి, పెద్ద ఆఫీసుల్లో సంతకాలవుతాయి. ఏ దేశం నుంచి వచ్చినా సరే, సంతకానికి ముందు ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించమని మన క్షేత్ర కార్యకర్తలు అడగాలి. ఏ మాట మాట్లాడకూడదని రాసి ఉందో దాని కింద గీత గీయించాలి. ఆ నిధి కావాలా వద్దా అన్నది ఆ సమావేశంలోనే, వాళ్ళ ఓటుతోనే తేలాలి.