ప్రజోపయోగ మన నేమి?

ప్రజల భూమిని గొను నధికారము రాజ్యమునకు లేదని మేము వాదింపము. పొలములను చీల్చక కాలువ పారదు. 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట గోదావరి మండలముల కెట్టి సౌభాగ్యము దెచ్చినదో ఎల్లరెరుగుదురు. ఒక్కడు ఒడంబడనంత మాత్రమున ఊరంతయు దప్పిగొనుట న్యాయము కాదు. అయినను ఈ యధికారమున కొక మేర కలదు. ఆ మేరను చెరిపివేయు ప్రయత్నమునే మేము ఖండించుచున్నాము.

1894 నాటి భూసేకరణ చట్టము పరప్రభుత్వము తన సౌకర్యమునకై చేసికొన్నది. ప్రజోపయోగమని సర్కారు ప్రకటించినచో ఆ ప్రకటనయే దానికి తిరుగులేని సాక్ష్యము! స్వరాజ్యము వచ్చిన పిదపను అరువదియేండ్లకు పైగా ఈ చట్టమే మనల నేలినది. 2013లో చేయబడి 2014 జనవరి 1 నుండి అమలైన క్రొత్త చట్టము దీనిని తొలగించినది. ప్రైవేటు కంపెనీకొరకు భూమి గొనవలెనన్న నూటికి 80 మంది సమ్మతి కావలెను. అంతకు ముందే సాంఘిక ప్రభావ విచారణ జరుగవలెను. ఇది నిజముగా ప్రజోపయోగమేనా? ఇంత భూమి అవసరమా? ఎవరి జీవనము పోవును?

ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యము. పట్టాదారు పేరు సర్కారు దస్త్రములలో నుండును. కౌలుదారు పేరెక్కడ నున్నది? కూలివాని పేరెక్కడ నున్నది? మూడేండ్లుగా ఆ నేలనే నమ్ముకొని జీవించువారిని గూడ చట్టము బాధితులుగా నంగీకరించినది. వారిని వెదకి లెక్కించునది ఈ విచారణయే. విచారణ పోయినచో వారు లెక్కకే రారు.

కేంద్రప్రభుత్వము 2014 డిసెంబరులో ఆర్డినెన్సు మూలమున ఈ విచారణను సడలింపజూచి, 2015 ఆగస్టులో విరమించుకొన్నది. ఢిల్లీలో సాగని పని మన యింట సాగినది. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2018లోను చట్టమును సవరించి, పారిశ్రామిక కారిడారులు మున్నగు పనులను ఒక్క ప్రకటనతో విచారణనుండి తప్పించు నధికారమును చేజిక్కించుకొన్నవి.

విచారణ వలన జాప్యమగునట! చట్టము దానికిచ్చిన గడువు ఆరు మాసములు మాత్రమే. తొందరపాటు ఫలమెట్టిదో వంగదేశములోని సింగూరు నడుగుడు. 2006లో పాత చట్టము క్రింద మోటారు కార్ఖానాకై దాదాపు వేయి యెకరములు గొనబడెను. 2008లో కార్ఖానా గుజరాతునకు తరలిపోయెను. 2016 ఆగస్టు 31న సుప్రీముకోర్టు ఆ సేకరణను కొట్టివేసి భూమిని తిరిగి యిమ్మనెను. పదియేండ్లు అటు పంటయు లేదు, ఇటు కార్ఖానాయు లేదు. ఆరు మాసముల విచారణకు వెరచినవారు ఈ పదియేండ్లకు ఏమి సమాధానము చెప్పుదురు?

పరిహారము పారవేసినచో చాలునను వాదమును గూడ ధర్మాసనము త్రోసిపుచ్చినది. రాజ్యాంగములోని 300-ఎ అధికరణము ననుసరించి నోటీసు, ఆక్షేపణ వినుట, సకారణమైన నిర్ణయము, ప్రజోపయోగము, న్యాయమైన పరిహారము, సకాల వ్యవహరణము, తుదిముట్టించుట అను నేడింటిని 2024 మే 16న సుప్రీముకోర్టు పౌరుని హక్కులుగా నిర్ణయించినది.

కావున ఉభయ రాష్ట్రములును ఈ సవరణలను రద్దుచేయవలెను. అంతవరకు పఠనాలయములలోని విద్యావంతులు ఊరకుండరాదు. ప్రకటన వెలువడినప్పుడెల్ల దానిని గ్రామమునకు గొనిపోయి చదివి వినిపింపుడు. గడువులోపల ఆక్షేపణలు వ్రాసి యిండు. ముందుగా కౌలుదార్ల పేర్లును, కూలివారి పేర్లును వ్రాయుడు.